బాలమణిగారి చేతి వంట

బాలమణిగారి మాట వచ్చినప్పుడల్లా మావాళ్ళు "పాపం, ఆవిడ తలరాత అండీ" అని నిట్టూరుస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. తలరాతా, నా మొహమా! ఆవిడకి వచ్చింది అమీబా జబ్బు. మనవైపు జిగట విరేచనాలంటారు, వీధికి నలుగురికి వచ్చి పోతూనే ఉంటుంది. పట్టుమని పదిరోజులు మాత్రలు మింగితే తగ్గిపోయే జబ్బు. అలాంటిదానికి, మైలుకో డాక్టరున్న న్యూజెర్సీలో, యాభై దాటీ దాటని మనిషి చచ్చిపోయింది. అది తలరాతో ఇంకేమిటో నేను జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే చూసుకోండి.

ఆవిడ మా పార్సిప్పనీకి వచ్చింది ఎనభైలో. తమ్ముడు భీమశంకర్ సిటిజెన్ అయ్యాక స్పాన్సర్ చేసి తీసుకొచ్చాడు. అతనూ, భార్య విజయశ్రీ ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళు. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే మా పక్క బిల్డింగ్. ఆవిడ ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్ లాట్ చూస్తూ ఉండేది. ఓ రోజు నేనే వెళ్ళి తలుపు కొట్టాను. "నా పేరు శాంతి, మీ పక్క బిల్డింగ్‌లోనే ఉంటాం, కాఫీ పొడి ఉందా?" అన్నాను. కాఫీ పొడి మా ఇంట్లో డబ్బా నిండా ఉంది, అది వేరే సంగతి.

తెనాలి దగ్గర పల్లెటూరు ఆవిడది. పంతొమ్మిదో ఏట భర్త పోయాడు. పిల్లల్లేరు. అప్పట్నుంచి చుట్టాలిళ్ళల్లో ఆ నెల ఇక్కడ, ఈ నెల అక్కడ. ఎవరింట్లో పెళ్ళయినా ముందు ఆవిడకే కబురు. ఎందుకూ? పెరట్లో కూర్చుని పప్పులు రుబ్బడానికీ, గాడిపొయ్యి దగ్గర గుండిగలు దించడానికీ. పెళ్ళికూతుర్ని పీటల మీదికి తెచ్చే వేళకి మాత్రం "బాలమణీ, నువ్వు కాస్త అటు వెళ్ళవే" అనేవాళ్ళట. వంట బావుందని ఆవిడ మొహం చూసి ఎవరూ అనలేదు. ఇది నాకు ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు, నవ్వుతూనే చెప్పింది. నాకే ఏడుపొచ్చింది.

ఇక్కడ అలాంటివేం లేవు. ఉగాదికి హైస్కూల్ కెఫెటేరియా అద్దెకి తీసుకుని రెండొందల మందికి భోజనాలు పెట్టేవాళ్ళం. ఎనభై ఒకటిలో పులిహోర ఆవిడ కలిపింది. ఇంజినీర్లూ, డాక్టర్లూ, కోట్లు వేసుకున్న మగాళ్ళు పేపర్ ప్లేట్లు పట్టుకుని రెండోసారి లైన్లో నిలబడ్డారు. "ఎవరండీ చేసిందీ?" అని లోపలికొచ్చి మరీ అడిగారు. ఆవిడ గరిట పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా, బర్త్‌డే అయినా ఆవిడే. గోంగూర దొరక్కపోతే క్రాన్‌బెర్రీలతో పప్పు చేసేది, అబ్బ, ఏం పప్పది! మేం ఇల్లు కొనుక్కున్నప్పుడు పాలు మీరే పొంగించండి అక్కయ్యగారూ అన్నాను. "నేనా? వద్దమ్మా, తప్పు" అంది. "మీరు పొంగించకపోతే నేను ఆ ఇంట్లోకి అడుగు పెట్టను" అన్నాను. పొంగించింది. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శాంతీ, ఈ దేశంలో నా చేతి ముద్ద ఎవరూ వద్దనలేదు" అనేది అస్తమానూ. ఆవిడకున్న ఆస్తి అదొక్కటే. అది పోకూడదని ఆవిడ ఏం చేసిందో చెప్పాలంటే ముందు రేణు సంగతి చెప్పాలి.

రేణు మా అందరిలోకీ చిన్నది. ఉద్యోగం చేసేది, పిల్లాణ్ణి డే కేర్‌లో వేసింది. అక్కడ పిల్లలందరికీ జియార్డియా అని ఒక కడుపు జబ్బు పట్టుకుంది. డయపర్లు మార్చే చోట ఒకరి నుంచి ఒకరికి పాకుతుందిట. పిల్లాడికి మందేశారు, తగ్గింది, అయిపోయింది. రేణు వెర్రిబాగులది, ఆ సంగతి ఫోన్లో అందరికీ చెప్పుకుంది. ఇంకేముంది! మా శశికళ ఉంది చూశారూ, డాక్టర్ జగన్మోహన్‌గారి భార్య, ఆవిడ వ్రతం పేరంటంలో గొంతు తగ్గించి, అందరికీ వినపడేట్టే, "కొన్నాళ్ళు ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకండి, పురుగులు కంటికి కనపడవు" అంది. జగన్మోహన్‌గారేమో మత్తు డాక్టరు, ఆయన భార్య మాత్రం సమస్త రోగాలకీ స్పెషలిస్టు. ఆ నెల రేణు తెచ్చిన కూర గిన్నె మూత తియ్యకుండానే తిరిగి ఇంటికెళ్ళింది. నేను శశికళని అక్కడే కడిగేశాను. కానీ బాలమణిగారు ఆ పక్కనే కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. అంతా వింది. అప్పటికే ఆవిడకి కడుపులో మొదలైందని మాకెవరికీ తెలీదు.

తెనాలిలో ఉన్నప్పుడే ఆవిడకి ఆ జబ్బు ఉండేది. వచ్చినప్పుడల్లా కాంపౌండరు మూడ్రోజులకి మాత్రలిచ్చేవాడు, విరేచనాలు కట్టుకోగానే మానేసేది. ఎప్పుడూ పూర్తిగా పోలేదన్నమాట. అమెరికా వచ్చేటప్పుడు ఆ మాత్రలే కొన్ని అట్టలు చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది. ఎనభై రెండు చలికాలంలో మళ్ళీ తిరగబెట్టింది. కడుపులో మెలి తిప్పడం, జిగట, నెత్తురు. అపార్ట్‌మెంట్‌కి ఉన్నది ఒక్కటే బాత్‌రూమ్. విజయశ్రీ గమనించి భీమశంకర్‌తో చెప్పింది, అతను హడలిపోయి స్పెషలిస్ట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. అతనికి లీవ్ దొరకదు. నాకు కారుంది, ఇంగ్లీషు వచ్చు, పగలు ఖాళీ. నేను తీసుకెళ్తానన్నాను.

ఆ డాక్టరు ఆఫీసు నెవార్క్ దాటాక. రూట్ 280 మీద లారీల మధ్య ఒక్కోసారి గంట పట్టేది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ చేతిసంచిలో ఏలక్కాయలు పెట్టుకుంది, దారంతా నములుతూనే ఉంది. "నోరంతా తుప్పు పట్టినట్టుంది తల్లీ" అంది. జ్వరం నోరేమో అనుకున్నాను. ఆ రుచి ఆ మాత్రలదని నాకేం తెలుసు? డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి రెండు రోజుల ముందు ఆవిడ మాత్రలు మొదలుపెట్టేది. కడుపు కట్టుకునేది. వెళ్ళొచ్చాక ఆపేసేది. వారం పది రోజులకి మళ్ళీ మామూలే. అట్టలు అయిపోకుండా, డాక్టరుకీ, ఫంక్షన్లకీ లెక్కగా వాడుకుంది. తెలివి! ఏం తెలివి తల్లీ అది!

డాక్టరు మంచివాడే, ఒక మాట అనకూడదు. ఇండియా మనిషి అనగానే మొదటి అనుమానం అమీబా మీదే పెట్టుకున్నాడు. మలం పరీక్ష ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చేయించాడు. మాత్ర పడ్డాక ఇంకేం కనపడుతుంది? ఏమీ లేదని వచ్చింది. గొట్టం వేసి లోపల చూశాడు. పేగంతా పుళ్ళు ఉన్నాయి, కారణం మాత్రం దొరకలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "ఇండియాలో ఉండగా ఆవిడకి డిసెంట్రీ గానీ, అమీబా గానీ ఎప్పుడైనా వచ్చిందేమో అడగండి. ఇది చాలా ముఖ్యం" అన్నాడు. నేను విడమరిచి అడిగాను. సిగ్గుపడకండి అక్కయ్యగారూ, జిగట విరేచనాలు ఎప్పుడైనా అయ్యాయా అని.

ఆవిడ నిటారుగా కూర్చుంది. "మాకలాంటివి ఎప్పుడూ లేవమ్మా. మేం శుభ్రంగా ఉండే మనుషులం. అలాగే చెప్పు ఆయనకి."

అలాగే చెప్పాను. చెప్పక ఏం చేస్తాను?

అయితే ఇది పేగుకి దానంతటదే వచ్చే వాపు, అల్సరేటివ్ కొలైటిస్ అంటారు అన్నాడు. స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. ఆయన రాసింది ఆయనకి కనపడిన దాన్నిబట్టి. ఇంటికి వస్తుంటే ఆవిడ ఎంత సంతోషంగా ఉందో! "అంటుకునే జబ్బు కాదన్నాడు కదూ? గట్టిగానే అన్నాడు కదూ?" అని రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. భీమశంకర్‌కీ, విజయశ్రీకీ అదే చెప్పింది. శశికళకి నాచేత చెప్పించింది.

స్టెరాయిడ్ పడ్డాక కొన్ని వారాలు ఆకలి పుట్టింది. మొహం గుండ్రంగా ఉబ్బింది, బుగ్గలు ఎర్రబడ్డాయి. మావాళ్ళ సంబరం చూడాలి! "అక్కయ్యగారూ, మీకు అమెరికా నీళ్ళు బాగా పట్టాయండీ", "ఒళ్ళు చేశారు, దిష్టి తగుల్తుంది" అని ఒకటే పొగడ్తలు. ఆవిడ కూడా అద్దంలో చూసుకుని మురిసిపోయింది. ఎనభై మూడు దీపావళికి మినపసున్నుండలు, కజ్జికాయలు ఒంటిచేత్తో చేసింది. ఆవిడ చెయ్యి కడుక్కోవడం మీరు చూడాలి. మోచేతుల దాకా సబ్బు, గోళ్ళ కింద బ్రష్షు. గిన్నె మార్చినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి. "ఎందుకండీ అంత, తోలు ఊడిపోతుంది" అంటే "అలవాటమ్మా" అనేది. లోపల ఎంత భయపడుతూ కడిగిందో నాకప్పుడు తెలీదు.

స్టెరాయిడ్ అంటే ఒంట్లో కాపలా వాళ్ళని నిద్రపుచ్చడమేట. అమీబా ఉన్న కడుపులో అది పడితే ఇంకేముంది, దానిష్టారాజ్యం. నొప్పి మళ్ళీ వచ్చింది. డాక్టరు డోసు పెంచాడు. ఆవిడ అట్టలు అయిపోయాయి. ఇండియా వెళ్ళేవాళ్ళెవరినైనా తెమ్మందామంటే ఏ మందో, ఎందుకో చెప్పాలి. చెప్పలేదు. నొప్పి పంటి బిగువున పట్టుకుని తిరిగింది.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో మా అమ్మాయి పుట్టినరోజని మా ఇంట్లో గారెలకి పిండి రుబ్బుతోంది. మిక్సీ ఆపి, "శాంతీ, కొంచెం కూర్చుంటాను" అంది. కుర్చీలోకి కాదు, నేల మీదికి జారిపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది. కడుపు మీద చెయ్యి వేస్తే చెక్కలా బిగుసుకుపోయి ఉంది. నేను అరిచిన అరుపుకి పక్కింటి తెల్లావిడ పరిగెత్తుకొచ్చింది. ఆంబులెన్స్‌లో నేనే కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "పిండి ఫ్రిజ్‌లో పెట్టించు, పులిసిపోతుంది" అంది. చచ్చిపోతున్న మనిషి మాట్లాడే మాటేనా అది!

పెద్దపేగుకి చిల్లులు పడ్డాయి. సగానికి పైగా తీసేశారు. తీసిన ముక్కని పరీక్షకి పంపితే దాని నిండా అమీబాలే. సర్జన్ కుర్రాడే. బయటికొచ్చి భీమశంకర్‌నీ నన్నూ నిలబెట్టి, "దీనికి మందుంది. మామూలు మందే. అసలు ఈవిడని ఎవరూ అడగలేదా?" అన్నాడు.

"అడిగారు" అన్నాను.



నాలుగైదు రోజులకి గొంతులో గొట్టం తీశారు, మాట వచ్చింది. అప్పుడు చెప్పింది నాకు అంతా. మాత్రల సంగతి, అట్టల సంగతి, తెనాలి కాంపౌండరు సంగతి.

"నీ కారులో అంత దూరం కూర్చోవాలి కదమ్మా. దారిలో ఏమైనా అయితే?"

"నా కారు తగలెయ్య! ఆపమంటే ఆపనా నేను?"

"ఆపుతావు. నీకు తెలిసిపోతుందిగా."

"తెలిస్తే ఏమయ్యేది? ఏం, కొరికేసేదాన్నా మిమ్మల్ని?"

"తెలిస్తే నన్ను నీ వంటింట్లోకి రానిచ్చేదానివా?"

"నిక్షేపంగా రానిచ్చేదాన్ని! తగ్గిన మర్నాడే రానిచ్చేదాన్ని!" నేను గట్టిగా అరిచాను, నర్సు తొంగిచూసింది.

"నువ్వు రానిస్తావు, నాకు తెలుసు. మిగతావాళ్ళో?" అంది ఆవిడ నెమ్మదిగా.

ఆవిడ మీద కోపం, ఆవిడ అన్నది నిజమైనందుకు ఇంకా కోపం.

ఆవిడ ఏది జరగకూడదని ఇంత చేసిందో అదే జరిగింది. ఈ జబ్బు వస్తే ఆసుపత్రి వాళ్ళు హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పాలిట. కౌంటీ నుంచి ఒక నర్సు ఫోన్ చేసి, ఈవిడ బయట ఎవరికైనా వండుతుందా అని అడిగింది. భీమశంకర్ అబద్ధం చెప్పే మనిషి కాదు. దీపావళి, వ్రతాలు, పుట్టినరోజులు అన్నీ చెప్పాడు. ఇంకేం, ఆవిడ చేతి వంట తిన్నవాళ్ళందరికీ పరీక్షలు. ఇంటింటికీ మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు. కోటేసుకున్న మగాళ్ళు ఆ డబ్బాలు బ్రౌన్ పేపర్ సంచుల్లో దాచుకుని క్లినిక్ తలుపు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. శశికళ అయితే ఖరీదైన డిపార్ట్‌మెంట్ స్టోర్ బ్యాగులో, పైన టిష్యూ పేపర్ కప్పి మరీ తెచ్చింది. ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని. ఫోన్లు మాత్రం ఆగలేదు. "మనందరి చేతా ఎంత పని చేయించిందండీ ఆవిడ!" అని. ఆసుపత్రికి వచ్చి చూసినవాళ్ళు లేరు. రేణు ఒక్కతే వచ్చింది.

ఎవరూ ఆవిడకి చెప్పకూడదనుకున్నాం. కానీ ఎవరూ రాకపోవడం చూసి ఆవిడకే అర్థమైంది. "అందరికీ తెలిసిపోయిందా?" అంది. తెలిసింది అన్నాను. పరీక్షల సంగతీ చెప్పాను. కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత రోజూ ఒకటే ప్రశ్న. "వచ్చాయా? ఎవరికైనా అంటిందా?" ఒళ్ళు కాలిపోతున్నా అదే ప్రశ్న.

కాయితాలు వచ్చిన రోజు నేను మెట్లు ఎక్కడం కాదు, పరిగెత్తాను. ఒక్కరికి లేదు. పిల్లలకి లేదు, ముసలివాళ్ళకి లేదు, ఆవిడతో ఒకే ఇంట్లో ఉండి రెండు పూటలా ఆవిడ వండింది తిన్న భీమశంకర్‌కి లేదు, విజయశ్రీకి లేదు. అంత చెయ్యి కడిగితే ఎక్కడ అంటుతుంది!

"ఒక్కరికి కూడా లేదు అక్కయ్యగారూ" అన్నాను.

ఆవిడ మొహం విచ్చుకుంది. "నా చేతి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు" అంది. మళ్ళీ అంది. "అందరికీ చెప్పు శాంతీ. ఒక్కొక్కరికీ చెప్పు."

ఒక్కొక్కరికీ చెప్పాను. ఫోన్ బుక్ పట్టుకుని ఆ సాయంత్రం అంతా అదే పని. "అలాగా, మంచిదే కదండీ", "దేవుడి దయ", "హమ్మయ్య" అన్నారు. ఆవిడెలా ఉంది అని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మందు ఇస్తూనే ఉన్నారు. కడుపంతా పాకిన చీముకి, స్టెరాయిడ్‌తో గుల్లయిపోయిన ఒంటికి అది చాలలేదు. మార్చి మొదట్లో పోయింది. ఆఖరున ఏమైనా అందేమో నాకు తెలీదు, నేను లేను. భీమశంకర్ ఉన్నాడు, అతను చెప్పలేదు, నేను అడగలేదు.

పెద్దకర్మ రోజు న్యూయార్క్ నుంచి పురోహితుణ్ణి పిలిపించారు. భోజనాలు విజయశ్రీ స్వయంగా వండింది. పప్పు, చిక్కుడుకాయ కూర, గారెలు, పరమాన్నం. కొత్త గిన్నెలు, కొత్త గరిటెలు కొంది, ఆ గిన్నెలకి స్టోర్ స్టిక్కర్లు ఇంకా ఊడలేదు. నలభై మంది దాకా వచ్చారు. ఫోటోకి దండం పెట్టారు, పూలు వేశారు, శశికళ కళ్ళొత్తుకుంది కూడా. భీమశంకర్ "భోజనానికి లేవండి" అన్నాడు.

"ఇప్పుడే ఇంట్లో తిని బయల్దేరామండీ" అన్నారు ఒకరు. పక్కనున్నవాళ్ళు "మేమూ అంతే" అన్నారు. ఒకరికి గ్యాస్ ట్రబులు. ఒకరికి మంచు పడుతుందేమో, పెందరాళే వెళ్ళాలి. శశికళకి ఆ రోజు ఉపవాసంట. "అక్క పేరు మీద, ఒక్క ముద్దండీ" అని భీమశంకర్ పరమాన్నం గిన్నె పట్టుకుని సోఫా సోఫాకీ తిరిగాడు. అందరూ నవ్వుతూ, ఎంతో మర్యాదగా, చేతులు అడ్డం పెట్టారు. కోట్లు తొడుక్కున్నారు. నేనూ, రేణూ కింద కూర్చుని తిన్నాం. నేను మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

హాలు ఖాళీ అయ్యాక భీమశంకర్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"శాంతిగారూ, రిజల్ట్స్ సంగతి వీళ్ళందరికీ తెలుసు కదండీ?"

"తెలుసు. ఒక్కొక్కరికీ నేనే చెప్పాను" అన్నాను.

అతను తలూపి, గరిట గిన్నెలోనే వదిలేసి మూత పెట్టాడు.